బైండర్‌లో ఒక బగ్, లైనక్స్‌లో మూడేళ్ల గొడవ: ఫోన్ కెర్నల్‌లోకి రస్ట్ ఎలా వచ్చిందంటే

2019 అక్టోబర్ మొదటి వారం. పిక్సెల్ 2 చేతిలో ఉండి, వచ్చిన ప్రతి సెక్యూరిటీ ప్యాచ్ వేసుకుని, "మన ఫోన్‌కి ఏం కాదులే" అనుకుంటున్న వాళ్లకు గూగుల్ ప్రాజెక్ట్ జీరో టీమ్ ఒక చేదు కబురు చెప్పింది. ఫోన్ మొత్తాన్ని గుప్పిట్లోకి తీసుకోగల బగ్ ఒకటి ఆండ్రాయిడ్ కెర్నల్‌లో ఉంది, దాన్ని ఎవరో అప్పటికే వాడేస్తున్నారు అని. సోర్స్ కోడ్ చూసి వాళ్లు ఇచ్చిన లిస్టులో రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5, ఎంఐ ఏ1, ఒప్పో ఏ3, మోటో జెడ్3, శాంసంగ్ ఎస్7, ఎస్8, ఎస్9 కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో రెడ్‌మీ నోట్ 5 మన ఇళ్లలో ఎంతమంది చేతుల్లో ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది.

ఇందులో నిజంగా ఒళ్లు మండే విషయం ఇంకోటి ఉంది. ఆ బగ్ కొత్తది కాదు. 2017 నవంబర్‌లోనే సిజ్‌కాలర్ అనే ఆటోమేటిక్ టెస్టింగ్ టూల్ దాన్ని పట్టేసింది. 2018 ఫిబ్రవరిలో లైనక్స్ కెర్నల్‌లో ఫిక్స్ కూడా పడింది. కానీ అప్పట్లో దానికి సీవీఈ నంబర్ ఇవ్వలేదు, ఆండ్రాయిడ్ నెలవారీ సెక్యూరిటీ బులెటిన్‌లోకి అది ఎక్కలేదు, దాంతో చాలా ఫోన్లకు చేరనే లేదు. ఏడాదిన్నర తర్వాత, ఎవరో దాన్ని ఆయుధంగా మార్చాక, సీవీఈ-2019-2215 అనే పేరొచ్చింది. 2020 జనవరిలో ట్రెండ్ మైక్రో పరిశోధకులు ఇదే బగ్‌ను వాడుకునే యాప్‌ను, కెమెరో అని దాని పేరు, ఏకంగా ప్లే స్టోర్‌లోనే పట్టుకున్నారు.

లైనక్స్ కెర్నల్‌లోకి రస్ట్ లాంగ్వేజ్ రావాలా వద్దా అని మూడేళ్లకు పైగా నడిచిన గొడవ గురించి చాలామంది "సీ ఫ్యాన్స్ వర్సెస్ రస్ట్ ఫ్యాన్స్" అన్నట్టు మాట్లాడతారు. నాకైతే అది ఈ ఒక్క బగ్ దగ్గర నుంచి చూస్తేనే సరిగ్గా అర్థమైంది.

టికెట్ క్యాన్సిల్ అయింది, బెర్త్ మాత్రం వదల్లేదు

ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఇంకో యాప్‌తో గానీ, సిస్టమ్‌తో గానీ నేరుగా మాట్లాడలేదు. మధ్యలో బైండర్ అనే కెర్నల్ డ్రైవర్ ఉంటుంది. మీరు యూపీఐ యాప్‌లో స్కాన్ నొక్కితే కెమెరా తెరుచుకోవాలన్నా, నోటిఫికేషన్ రావాలన్నా, లొకేషన్ అడగాలన్నా ఆ కబురు బైండర్ దారిలోనే వెళ్తుంది. అందుకే ఏ యాప్‌కీ ఆ తలుపు మూయలేం. ఆఖరికి క్రోమ్ లోపల వెబ్ పేజీలను చూపించే, కట్టుదిట్టంగా బంధించి పెట్టిన ప్రాసెస్‌కి కూడా బైండర్ తలుపు తెరిచే ఉంటుంది. దొంగకు ఇంతకంటే మంచి తలుపు ఎక్కడ దొరుకుతుంది?

బగ్ ఏంటంటే, బైండర్ ప్రతి థ్రెడ్‌కీ మెమరీలో ఒక రికార్డు పెట్టుకుంటుంది. ఆ రికార్డులోనే ఒక వెయిటింగ్ లిస్టు ఉంటుంది. కెర్నల్‌లో ఈపోల్ అనే ఇంకో భాగం ఆ వెయిటింగ్ లిస్టు అడ్రస్‌ను గుర్తుపెట్టుకుంటుంది, ఏదైనా కబురు వస్తే లేపడానికి. థ్రెడ్ "ఇక నేను వెళ్తున్నా" అనగానే బైండర్ ఆ రికార్డు మెమరీని ఖాళీ చేసేస్తుంది. ఈపోల్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పరు. అది తర్వాత వచ్చి పాత అడ్రస్‌లో రాసేస్తుంది.

రైల్వే భాషలో చెప్పాలంటే, మీరు టికెట్ క్యాన్సిల్ చేశారు, ఆ బెర్త్ ఆర్ఏసీ ప్యాసింజర్‌కి వెళ్లిపోయింది. కానీ పాత టికెట్ కాపీ మీ ఫ్రెండ్ దగ్గర ఉంది. వాడు వచ్చి దర్జాగా కూర్చున్నాడు. చార్ట్ చూసే టీటీఈ ఎవరూ లేరు. ఈలోగా ఎటాకర్ చేసే పనల్లా, ఖాళీ అయిన ఆ బెర్త్‌లో తనకు కావాల్సిన డేటాను కూర్చోబెట్టడమే. ఈపోల్ వచ్చి దాని మీద రాస్తుంది, అక్కడి నుంచి కెర్నల్ మెమరీ చదవడం, రాయడం, చివరికి రూట్. దీన్నే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు.

బీటెక్ ఫస్ట్ ఇయర్ సీ ల్యాబ్‌లో మాల్లోక్, ఫ్రీ మనమందరం రాసినవాళ్లమే. వైవాలో డాంగ్లింగ్ పాయింటర్ అంటే ఏంటి అని అడిగితే రెండు లైన్ల డెఫినిషన్ అప్పజెప్పి బయటపడేవాళ్లం. ఆ రెండు లైన్లే మన ఫోన్లలో గూఢచారి యాప్‌లకు దారి ఇచ్చాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

"జాగ్రత్తగా రాయండి" సరిపోదు

1991లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టినప్పుడు సీ తప్ప వేరే మంచి దారి లేదు. హార్డ్‌వేర్‌కి దగ్గరగా, వేగంగా, ఎక్కడైనా నడిచే కోడ్ కావాలంటే సీ నే. కానీ సీ ప్రోగ్రామర్‌ని పూర్తిగా నమ్ముతుంది. ఖాళీ చేసిన మెమరీలో రాస్తానంటే రాసుకో అంటుంది. పది బాక్సులున్న చోట పదకొండోది అడిగితే పక్కింటి బాక్సు ఇచ్చేస్తుంది.

ఇప్పుడు కెర్నల్ 4 కోట్ల లైన్లు దాటింది. దాన్ని చూసుకునే మెయింటెయినర్లు అజాగ్రత్త మనుషులేం కాదు, ప్రపంచంలో సీ బాగా వచ్చినవాళ్ల లిస్టు తీస్తే ముందు వరుసలో వాళ్లే ఉంటారు. రివ్యూలు చేస్తారు, టూల్స్ నడుపుతారు. అయినా బైండర్ బగ్ వాళ్ల కళ్ల ముందు నుంచే వెళ్లిపోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన లెక్క బయటపెట్టింది: ఏటా సీవీఈ నంబర్ ఇచ్చే బగ్స్‌లో దాదాపు 70 శాతం మెమరీ సేఫ్టీవే. 2020లో క్రోమ్ టీమ్ తమ తీవ్రమైన సెక్యూరిటీ బగ్స్ లెక్క తీసింది. అక్కడా దాదాపు 70 శాతమే. వేర్వేరు కంపెనీలు, వేర్వేరు కోడ్, ఒకే అంకె. ఇంతమంది మంచి ఇంజినీర్లు ఒకే గుంతలో పడుతున్నారంటే తప్పు నడిచేవాళ్లది కాదు, రోడ్డుది.

రస్ట్ చేసే పని, ఆ టీటీఈని రైలు ఇంకా ప్లాట్‌ఫామ్ మీద ఉండగానే ఎక్కించడం. మొజిల్లా అండతో పెరిగి 2015 మేలో 1.0 వెర్షన్‌కి వచ్చిన ఈ లాంగ్వేజ్‌లో మెమరీలోని ప్రతి వస్తువుకీ ఒక ఓనర్ ఉంటాడు. అప్పు తీసుకున్నవాడు ఓనర్ కంటే ఎక్కువ కాలం ఉండకూడదు. ఉంటే కోడ్ కంపైల్ కాదు, అంతే. రన్ అయ్యేటప్పుడు దీనికోసం అదనపు బరువేమీ పడదు, చెకింగ్ అంతా ముందే అయిపోతుంది. ఈపోల్ లాంటి కథ మామూలు రస్ట్ కోడ్‌లో రాయబోతే కంపైలర్ ఎర్ర లైన్లతో తిడుతుంది. రస్ట్ నేర్చుకున్న ప్రతివాడూ మొదటి రెండు వారాలు ఆ తిట్లు తిన్నవాడే.

అన్నీ కంపైలర్ చూడలేదు కూడా. హార్డ్‌వేర్ రిజిస్టర్‌లో రాయాలి, సీ ఫంక్షన్‌ని పిలవాలి అంటే "అన్‌సేఫ్" అనే బ్లాక్‌లో పెట్టి రాయాలి. అంటే ఇక్కడ పూచీ నాది అని ప్రోగ్రామర్ సంతకం పెట్టినట్టు. ఈ మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

గొడవ భాష గురించి కాదు, బరువు ఎవరు మోయాలని

2022 డిసెంబర్‌లో లైనక్స్ 6.1తో రస్ట్ సపోర్ట్ కెర్నల్‌లోకి వచ్చింది. అప్పటికి పునాది మాత్రమే, అదీ "ప్రయోగం" అనే బోర్డు తగిలించి. మిగేల్ ఒహేదా నడిపిస్తున్న రస్ట్ ఫర్ లైనక్స్ టీమ్ ఆ తర్వాత ఒక్కో సబ్‌సిస్టమ్ తలుపు తట్టడం మొదలుపెట్టింది. రస్ట్‌లో డ్రైవర్ రాయాలంటే ముందు కెర్నల్‌లోని సీ ఫంక్షన్లకు రస్ట్ వైపు నుంచి ఒక వంతెన కట్టాలి కదా. అసలు తగువంతా ఆ వంతెనల దగ్గరే.

2024 మేలో జరిగిన ఒక కెర్నల్ డెవలపర్ల సదస్సులో వెడ్సన్ అల్మేదా ఫిల్హో ఫైల్ సిస్టమ్స్ కోసం కట్టిన వంతెనను చూపించారు. ఆయన తీసుకున్న ఉదాహరణ చిన్నది. ఒక సీ ఫంక్షన్ ఉంది, అది ఫైల్ వివరాలున్న వస్తువును తెచ్చిస్తుంది. అది అప్పుడే పుట్టిన ఖాళీ వస్తువైనా కావచ్చు, ముందే నింపి పెట్టినదైనా కావచ్చు. ఖాళీదైతే నింపి, తాళం తీసి ఇవ్వాలి. నిండినదైతే ముట్టుకోకూడదు. సీ లో ఈ రూల్ ఎక్కడుంటుంది? మెయింటెయినర్ బుర్రలో, పాత కోడ్‌లో, అదృష్టం బాగుంటే ఒక కామెంట్‌లో. రస్ట్‌లో రెండింటినీ రెండు వేర్వేరు టైప్స్‌గా రాస్తే, రూల్ తప్పితే కంపైల్ అవ్వదు.

వినడానికి బాగుంది. కానీ హాల్లో ఉన్న టెడ్ సో లాంటి సీనియర్ మెయింటెయినర్ల ప్రశ్న వేరు. రేపు నేను ఆ సీ ఫంక్షన్ మారిస్తే, దాన్ని వాడే సీ ఫైల్ సిస్టమ్స్ అన్నీ నేనే సరిచేస్తాను. మీ రస్ట్ వంతెన విరిగితే ఎవరు సరిచేస్తారు? నేనైతే చెయ్యను, మా అందరితో బలవంతంగా రస్ట్ నేర్పించలేరు అనేది ఆయన మాటల సారాంశం. చర్చ కాస్తా వేడెక్కింది, మతం మార్పిడి లాంటి పోలికలు కూడా వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో వెడ్సన్ రస్ట్ ఫర్ లైనక్స్ నుంచి తప్పుకున్నారు. టెక్నికల్ కాని చెత్తకు జవాబులు చెప్పే ఓపిక అయిపోయింది అన్న అర్థం వచ్చేలా రాసి, ఆ సదస్సు వీడియో లింక్ పెట్టి మరీ వెళ్లారు. రస్ట్‌లో బైండర్ రాసే పని మొదలుపెట్టిన మనిషి ఆయనే కావడం ఇక్కడ విషాదం.

టెడ్ సో మాట తీరు నాకు నచ్చలేదు గానీ ఆ ప్రశ్న తప్పని మాత్రం అనలేను. ఆఫీసులో ఎవరో ఉత్సాహంగా కొత్త ఫ్రేమ్‌వర్క్ తెచ్చి, ఆరు నెలల తర్వాత వేరే కంపెనీకి వెళ్లిపోతే, ఆ కోడ్ మెడకు చుట్టుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. ఓపెన్ సోర్స్‌లో అది ఇంకా ఘోరం. ప్యాచ్ పంపినవాడు మాయమైపోవచ్చు, మెయింటెయినర్ మాత్రం పదేళ్లు దాన్ని మోయాలి.

ఇక 2025 జనవరిలో అసలు పేలుడు. డీఎంఏ అని, డివైస్‌లు ప్రాసెసర్‌ని అడక్కుండా మెమరీతో నేరుగా పనిచేసుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దానికి రస్ట్ వంతెన ప్యాచ్ వచ్చింది. ఆ భాగం చూసే క్రిస్టోఫ్ హెల్విగ్ వద్దన్నారు. కోడ్ మీ ఫోల్డర్‌లో పెట్టట్లేదు, వేరే చోట పెడుతున్నాం, మెయింటెయిన్ మేమే చేస్తాం అని రస్ట్ వాళ్లు చెప్పినా వినలేదు. ఒకే ప్రాజెక్టులో రెండు భాషలు కలపడాన్ని ఆయన క్యాన్సర్‌తో పోల్చారు. యాపిల్ సిలికాన్ మ్యాక్‌లపై లైనక్స్ నడిపించిన అసాహి లైనక్స్ లీడ్ హెక్టర్ మార్టిన్ దీన్ని సోషల్ మీడియాకి ఈడ్చారు. లైనస్ ముందు కోప్పడింది మార్టిన్ మీదే: సోషల్ మీడియా ఒత్తిడితో కెర్నల్ పనులు జరగవు, సమస్య మీరేనేమో ఆలోచించుకోండి అని. ఫిబ్రవరిలో మార్టిన్ కెర్నల్ మెయింటెయినర్ పని, అసాహి లీడ్ బాధ్యత రెండూ వదిలేశారు.

ఫిబ్రవరి రెండో సగంలో లైనస్ హెల్విగ్‌కి ఇచ్చిన జవాబే ఈ మొత్తం కథలో తీర్పు లాంటిది. రస్ట్ ముట్టుకోనంటే ముట్టుకోవద్దు, ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ మీ కోడ్‌ను ఇంకెవరు, ఏ భాష నుంచి వాడుకోవాలో నిర్ణయించే హక్కు మీకు లేదు. రస్ట్ నచ్చదని గోడ కట్టి, ఆ గోడకి ఇవతల వాళ్ల మీద వీటో చెయ్యడం కుదరదు. స్టేబుల్ కెర్నల్ చూసే గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ కూడా అప్పుడే రస్ట్ వైపు గట్టిగా నిలబడ్డారు. పదిహేనేళ్లకు పైగా కెర్నల్‌లో దాదాపు ప్రతి బగ్ ఫిక్స్ చూసినవాడిగా చెప్తున్నా, వీటిలో ఎక్కువ శాతం సీ లోని చిన్న చిన్న తిరకాసులే, రస్ట్‌లో అవి పుట్టవు అనేది ఆయన వాదన. హెల్విగ్ డీఎంఏ మెయింటెయినర్ బాధ్యత నుంచి తప్పుకున్నారు.

లెక్క చూస్తే ఎవరూ పూర్తిగా గెలవలేదు. కష్టపడే మనుషుల్ని రెండు వైపులా పోగొట్టుకున్నారు. "అంతా రస్ట్‌లో తిరగరాయాలి" అని ప్రతి చోటా వచ్చి వాలే ఫ్యాన్స్ వల్ల రస్ట్‌కి జరిగిన నష్టం కూడా తక్కువేం కాదు.

4 కోట్ల లైన్లు తిరగరాయక్కర్లేదు

నన్ను ఒప్పించింది గూగుల్ ఆండ్రాయిడ్ టీమ్ 2024లో బయటపెట్టిన ఒక విషయం. మెమరీ బగ్స్ ఎక్కువగా కొత్త కోడ్‌లోనే పుడతాయి. పాత కోడ్‌లో ఉన్నవి ఏళ్లు గడిచేకొద్దీ దొరికి, సరిచేయబడి తగ్గిపోతాయి. వాళ్ల లెక్కలో ఐదేళ్ల వయసున్న కోడ్‌లో బగ్స్ సాంద్రత కొత్త కోడ్ కంటే 3.4 నుంచి 7.4 రెట్లు తక్కువ. అంటే పాత సీ కోడ్‌ని ముట్టుకోకుండా వదిలేసి, కొత్తగా రాసేది మాత్రం సేఫ్ లాంగ్వేజ్‌లో రాసినా చాలు, మొత్తం సమస్య కరుగుతూ పోతుంది.

ఇది ఊహ కాదు, ఫలితం కూడా ఉంది. 2019లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ బగ్స్‌లో మెమరీ సేఫ్టీవి 76 శాతం. 2024కి అది 24 శాతానికి పడింది, 2025లో 20 కన్నా కిందికి వచ్చింది. మధ్యలో వాళ్లేం ఆండ్రాయిడ్‌ను తిరగరాయలేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి సిస్టమ్ కోడ్‌లో రస్ట్‌ని అనుమతించారు, 13కి వచ్చేసరికి కొత్త నేటివ్ కోడ్‌లో దాదాపు ఐదో వంతు రస్ట్ అయింది. రస్ట్ మార్పుల్ని వెనక్కి తీసుకోవాల్సిన పరిస్థితి సీ ప్లస్ ప్లస్‌తో పోలిస్తే నాలుగో వంతేనని, రివ్యూకి పట్టే సమయం 25 శాతం తక్కువని కూడా గూగుల్ చెప్పింది. సొంత కోడ్ గురించి సొంత కంపెనీ చెప్పే లెక్క కాబట్టి కొంచెం ఉప్పు తగ్గించుకుని తినండి. కెర్నల్ ప్రపంచం వేరు, అక్కడ అన్‌సేఫ్ బ్లాక్‌లు ఎక్కువ పడతాయి.

అది వెంటనే కనిపించింది కూడా. గూగుల్ ఇంజినీర్ అలిస్ రీల్ ముందుకు నడిపించిన రస్ట్ బైండర్ 2025 నవంబర్ ఆఖర్లో వచ్చిన లైనక్స్ 6.18లో చేరింది. డిసెంబర్‌లో టోక్యోలో జరిగిన మెయింటెయినర్ల సమావేశంలో రస్ట్ మీద "ప్రయోగం" అనే బోర్డు తీసేశారు. ఆ సంబరం ముగియకుండానే కెర్నల్ రస్ట్ కోడ్‌లో మొదటి సీవీఈ వచ్చింది, సీవీఈ-2025-68260. ఎక్కడ? రస్ట్ బైండర్‌లోనే!

"చూశారా, మేం చెప్పలేదా" అని మీమ్స్ మొదలయ్యాయి. అసలు జరిగింది చూడండి. ఒక థ్రెడ్ లిస్టులోని వస్తువుల్ని వేరే చోటికి తరలిస్తుండగా, ఇంకో థ్రెడ్ అదే లిస్టులోంచి ఒకదాన్ని తీసేస్తే పాయింటర్లు చెడిపోతాయి. తీసేసే లైన్ సరిగ్గా ఒక అన్‌సేఫ్ బ్లాక్‌లో ఉంది. ప్రోగ్రామర్ "నా పూచీ" అని సంతకం పెట్టిన చోట ఆ పూచీ తప్పింది. ఫలితం కెర్నల్ క్రాష్. అదే రోజు కెర్నల్‌లోని సీ కోడ్‌కి వచ్చిన సీవీఈలు 159 అని గ్రెగ్ గుర్తుచేశారు. సీ కోడ్ ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి గెలిచాం అనడం కూడా తొందరపాటే. నాకు నచ్చింది వేరే విషయం: తప్పు ఎక్కడుందో వెతకడానికి గుర్తు పెట్టిన బ్లాక్‌లు కొన్నే ఉన్నాయి. సీ లో అయితే ప్రతి లైనూ అన్‌సేఫే.

రస్ట్ ఒక్కటే దారి అని కూడా అనుకోకండి. పాత కోడ్‌కి హార్డ్‌వేర్ వైపు నుంచి కాపలా వస్తోంది. ఆర్మ్ మెమరీ ట్యాగింగ్‌లో ప్రతి 16 బైట్లకి 4 బిట్ల ట్యాగ్ ఉంటుంది, పాయింటర్ ట్యాగ్‌తో అది కలవకపోతే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. పాత టికెట్ కాపీకి పీఎన్ఆర్ సరిపోలేదన్నమాట. పిక్సెల్ 8లో డెవలపర్ ఆప్షన్‌గా మొదలై, ఆండ్రాయిడ్ 16 అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్‌లో సపోర్ట్ ఉన్న ఫోన్లకు వచ్చింది. యాపిల్ ఐఫోన్ 17లో ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లింది. మనవాళ్లు ఎక్కువగా కొనే 12, 15 వేల ఫోన్లలో మాత్రం వాడుకునే స్థితిలో కనిపించదు. రస్ట్ సంగతి అలా కాదు. కెర్నల్‌లో కోడ్ మారితే ఆ కెర్నల్ వాడే చవక ఫోన్‌కీ అదే రక్షణ.

మీ ఫోన్‌లో చూసుకోండి

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే కెర్నల్ వెర్షన్ అనే లైన్ కనిపిస్తుంది. రస్ట్ సపోర్ట్ ఆన్ చేసిన మొదటి ఆండ్రాయిడ్ కెర్నల్ 6.12. ఆండ్రాయిడ్ 16తో పాటు ఈ కెర్నల్ ఉన్న ఫోన్లలో యాప్‌లు మెమరీ పంచుకోవడానికి వాడే యాష్‌మెమ్ అనే భాగం ఇప్పటికే రస్ట్‌లో నడుస్తోంది. రస్ట్ బైండర్ మెయిన్ లైనక్స్‌లో 6.18 నుంచి ఉంది కాబట్టి ఫోన్లకు చేరడానికి ఇంకా టైమ్ పడుతుంది.

ఇక్కడే ఒక తిరకాసు. ఆండ్రాయిడ్ 16 అప్‌డేట్ వచ్చినంత మాత్రాన కెర్నల్ మారదు. చాలా కంపెనీలు ఫోన్ లాంచ్ అయినప్పటి కెర్నల్ వెర్షన్‌నే చివరిదాకా లాగిస్తాయి, ప్యాచ్‌లు మాత్రం దాని మీద అతుకుతూ పోతాయి. కొత్త చిప్‌సెట్ అని చెప్పి పాత కెర్నల్‌తోనే అమ్మే ఫోన్లూ ఉన్నాయి. అందుకే కొత్త ఫోన్ రివ్యూ చదివేటప్పుడు ఎన్ని ఆండ్రాయిడ్ అప్‌డేట్లు అనే లైన్‌తో పాటు, లాంచ్ కెర్నల్ ఏంటి, సెక్యూరిటీ ప్యాచ్ ఎన్నేళ్లు, నెలకా లేక మూడు నెలలకా అనేది కూడా చూడండి. రెడ్‌మీ నోట్ 5 వాళ్లకి ఫిక్స్ రాసి ఏడాదిన్నర అయినా చేరనిది కోడ్ లేక కాదు కదా. రాబోయే రివ్యూల్లో స్పెక్స్ టేబుల్‌లోనే కెర్నల్ వెర్షన్ ఇస్తాం. మీ ఫోన్‌లో 6.12 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే మోడల్ పేరుతో కామెంట్ చెయ్యండి, బడ్జెట్ ఫోన్లయితే ఇంకా మంచిది.